శుక్రవారం ఇంటికొచ్చిన ఉత్తరం

పదకొండు జెర్సీలు తీగెక్కాయి. ఇంకా ఐదు బుట్టలో ఉన్నాయి. సముద్రం మీంచి గాలి కొడుతోంది కానీ వాన ఇంకా దిగలేదు. క్లిప్పులు పళ్ళ మధ్య పట్టుకుని ఒక్కో జెర్సీనీ కింది అంచు దగ్గర పట్టి తలకిందులుగా తగిలిస్తున్నాను. భుజాల దగ్గర క్లిప్పు పెడితే అక్కడ రెండు బుడిపెలు లేస్తాయి, వేసుకున్నవాడు కొమ్ములు మొలిచినట్టు కనిపిస్తాడు. ఇది అమ్మ నాకు ఏడేళ్ళప్పుడు నేర్పిన సంగతి.

డన్‌మారా రోవర్స్ ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఆరేళ్ళుగా మా ఇంట్లోనే ఉతుకుతున్నాం. నాన్న ఆ జట్టుకి ఆటగాళ్ళని ఎంచి ఆడించే మేనేజరుగా వచ్చిన నెలలోనే క్లబ్బులో వాషింగ్ మెషీన్ పాడైంది. బాగు చేయిస్తామన్నారు. ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

బుట్టలోంచి మూడో నంబరు తీశాను. కోర్మాక్‌ది. నిన్నటి మ్యాచ్‌లో ఆ జెర్సీ ఎవరూ వేసుకోలేదు. అయినా ఉతికాను.

కిందటి వారం శనివారం కోర్మాక్ ఈ జెర్సీ వేసుకునే ఆడాడు. రోవర్స్ గెలిచింది. ఆ గెలుపుతో కింది డివిజన్‌కి జారిపోయే ప్రమాదం తప్పిందని ఊరంతా వీధిలో పాటలు పాడింది. మంగళవారం లీగ్ ఆఫీసునుంచి కబురొచ్చింది. కోర్మాక్‌కి ఆ రోజు ఆడే హక్కు లేదట. అంతకుముందు మ్యాచ్‌లో కొట్లాట జరిగినప్పుడు రిఫరీ గుంపులోకి చూపించిన పసుపు కార్డు ఎవరికో మనవాళ్ళెవరికీ తెలియలేదు. అది కోర్మాక్‌కేనని రిఫరీ తర్వాత రాసిచ్చాడు. అది అతని అయిదోది, కాబట్టి ఒక మ్యాచ్ నిషేధం. గెలిచిన పాయింట్లు ఎలాగూ పోతాయి. పోకుండా ఆపాల్సింది నాన్న పేరు ఒక్కటే. తెలిసీ ఆడించాడని తేలితే నాన్నని ఏడాదిపాటు ఏ మైదానం గేటూ దాటనివ్వరు. రేపు సోమవారం, పొద్దున పది గంటలకి డబ్లిన్‌లో విచారణ.

మొన్న శుక్రవారం క్లబ్బు చైర్మన్ మా గేటు దగ్గర కారు ఆపి, అద్దం సగం దించి నాన్నతో అన్న మాటతో ఇంట్లో అన్నం సయించడం మానేసింది. "నిషేధం ఉత్తరం మ్యాచ్‌కి రెండు రోజుల ముందే క్లబ్బుకొచ్చింది మాలకీ. సెక్రటరీ దాన్ని అల్టన్ చేతికిచ్చాడు. అల్టన్‌కి తెలిస్తే నీకు తెలిసినట్టే కదా. మీ ఇద్దరూ వేరు వేరని ఎవడు నమ్ముతాడు?"

నాన్నకి అసిస్టెంటైన ఆ అల్టన్ ఇవాళ మధ్యాహ్నం మా ఇంటికి వస్తున్నాడు. నాన్నే రమ్మన్నాడు.

చివరి జెర్సీకి క్లిప్పు పెడుతుండగా ఇంట్లో బెల్లు మోగింది.

మొదట అది మా బెల్లే అనుకోలేదు. మా ఇంట్లో బెల్లు ఉందన్న సంగతే మర్చిపోయాం. ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళంతా పెరటి తలుపు తోసుకుని వస్తారు. వస్తూనే కెటిల్ వేడిగా ఉందో లేదో చేత్తో తాకి చూస్తారు. ముందు తలుపు ఫాదర్ గారికి, డాక్టరుకి, పోలీసులకి. నాయనమ్మ పోయినప్పుడు శవపేటిక కోసం తెరిచాం. ఆ తర్వాత తడికి చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది.

పరుగెత్తుకెళ్ళి, తలుపు వెనక వేలాడుతున్న కోట్లు పక్కకి తోసి, భుజంతో నెట్టి తెరిచాను. అల్టన్ క్విగ్లీ నిలబడి ఉన్నాడు. చర్చికి వేసుకునే నల్ల కోటు. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి గుమ్మంలో తల వంచుకుని నిలబడితే చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

"నాన్న ఉన్నాడా నూలా?" అన్నాడు.

నాన్న ఉన్నాడని అతనికి తెలుసు. నా బాప్తిస్మానికి నన్ను ఎత్తుకున్న మనిషి, మా గ్యారేజీలో ఏ డబ్బాలో ఏ మేకులున్నాయో చెప్పగల మనిషి, కొత్తవాడిలా అడుగుతున్నాడు.

వంటింట్లో నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అమ్మ సింకు దగ్గర మాకు వీపు పెట్టి బంగాళాదుంపల తొక్క తీస్తోంది. పొయ్యిలో గొర్రె మాంసం వేగుతున్న వాసన.

"ముందు తలుపు నుంచి వచ్చావేంట్రా? ఎవరికైనా ఆఖరి ప్రార్థన చెయ్యాలా?" అన్నాడు నాన్న.

"ఇవాళ అలా రావాలనిపించింది."

అమ్మ వెనక్కి తిరక్కుండానే అడిగింది. "టీ తాగుతావా అల్టన్?"

"వద్దు డెర్వ్లా."

"ఒక్క కప్పు."

"వద్దులే."

"నీళ్ళు ఇప్పుడే కాగాయి."

"వద్దు."

రెండుసార్లు వద్దనడం మర్యాద. మూడోసారి సరేననాలి. మూడోసారి కూడా వద్దన్న మనిషిని మా వంటింట్లో నేను చూడలేదు. అమ్మ చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

"కూర్చో."

"నిలబడే ఉంటా మాల్."

"కూర్చోరా. నీవైపు తలెత్తి చూస్తూ మాట్లాడితే నా మెడ పట్టేస్తుంది. ఈ మెడ నీ వల్ల ఏడేళ్ళు సుఖపడింది, ఇప్పుడు కష్టపెట్టకు."

అల్టన్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

ఆ మెడ మాట ఊరికే అన్నది కాదు. నాన్న ఇంగ్లండ్ వెళ్ళకముందు ఏడు సీజన్లు వీళ్ళిద్దరూ రోవర్స్ వెనక వరుసలో పక్కపక్కన ఆడారు. అవతలి స్ట్రైకర్ ముందుకి తోసుకొస్తున్నప్పుడు నాన్న "పైకి!" అని ఒక్క కేక వేసేవాడట. ఇద్దరూ ఒకేసారి ఒక్క అడుగు ముందుకి వేసేవారు. స్ట్రైకర్ వెనక ఒంటరిగా మిగిలిపోయి ఆఫ్‌సైడ్ తప్పు కింద దొరికిపోయేవాడు. ఇద్దరిలో ఒకడు అర అడుగు వెనకబడినా గోలే. పక్కవాడు వచ్చాడో లేదో చూడటానికి టైముండదు. ఏడేళ్ళలో నాన్న ఒక్కసారి కూడా మెడ తిప్పి చూడలేదని ఇప్పటికీ ముసలివాళ్ళు చెప్పుకుంటారు.

మేనేజరయ్యాక కూడా చూడలేదు. మ్యాచ్‌కి గంట ముందు ఆటగాళ్ళ పేర్ల కాగితం రిఫరీకి ఇవ్వాలి. అల్టన్ రాస్తాడు. నాన్న బూట్ల లేసు కట్టుకుంటూనో, ఎవడినో తిడుతూనో, చెయ్యి చాచి సంతకం పెడతాడు. ఆరేళ్ళలో ఒక్క పేరు చదవలేదు. ఈ రోజుల్లో ఏ మేనేజరూ చెయ్యని పని అది. కోర్మాక్ ఆడిన శనివారం కూడా అలాగే పెట్టాడు.

"చెప్పు," అన్నాడు నాన్న. "ఉత్తరం నీకెప్పుడు అందింది?"

"గురువారం. సాయంత్రం."

"నాకెందుకు చెప్పలేదు?"

"మర్చిపోయాను."

నాన్న నవ్వాడు. గట్టిగా నవ్వలేదు, ముక్కుతో నవ్వాడు. "తొంభై ఆరులో స్లైగో వాళ్ళతో మ్యాచ్‌లో నాకు కార్డు చూపించారు, ఎన్నో నిమిషంలో?"

"డెబ్భై ఒకటి," అనేశాడు అల్టన్. తర్వాత నెమ్మదిగా, "అది కూడా కాలు అడ్డం పెట్టింది నువ్వు కాదు, నేను," అన్నాడు.

"ఇరవై ఏడేళ్ళ కిందటి నిమిషం గుర్తుంది. గురువారం ఉత్తరం శనివారానికి మర్చిపోయావు."

అల్టన్ తన చేతుల్ని చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో తెల్ల సున్నం. మైదానం గీతలు ఇప్పటికీ తనే గీస్తాడు. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది, పిల్లలు లేరు. పొద్దున లేచి గేటు తాళం తీయడం, సాయంత్రం వేయడం, అదే అతని రోజు.

"చైర్మన్ నా కుర్చీ ఇస్తానన్నాడా?"

"ఆ కుర్చీకి మూడు కాళ్ళే ఉన్నాయి. ఎవడికి కావాలి?"

"మరి ఎందుకురా? నా మొహం చూసి చెప్పు. ఊళ్ళో నన్ను మోసగాడంటున్నారు. రొట్టెల కొట్లో ఆవిడ నాకు చిల్లర ఇస్తూ మొహం తిప్పుకుంది. నేను ఆడిన రోజుల్లో కాళ్ళు విరగ్గొట్టానన్నారు, పళ్ళు రాలగొట్టానన్నారు, పడ్డాను. మోసగాడని ఎవడూ అనలేదు. నన్ను ఊరి చేత ఈ మాట అనిపించింది నువ్వు. ఎందుకు?"

అల్టన్ తలెత్తాడు.

"డబ్లిన్‌లో ఇల్లు బాగుందా మాల్?"

నాన్న మొహంలో నెత్తురు గడ్డం కిందనుంచి పైకి పాకడం చూశాను. అబద్ధం చెప్పబోయే ముందు కాదు, అబద్ధం దొరికిపోయాక వచ్చే ఎరుపు అది.

"ఏ ఇల్లు?" అన్నాను నేను. అప్పటివరకూ గోడకి ఆనుకుని ఖాళీ బుట్ట పట్టుకుని నిలబడ్డాను. నేనున్నానని వాళ్ళు మర్చిపోయినట్టున్నారు.

"నువ్వు బయటికి వెళ్ళు నూలా."

"ఉండనీ," అన్నాడు అల్టన్. "తనూ సామాన్లు సర్దుకోవాలిగా. నవంబరు నుంచి మీ నాన్న డబ్లిన్‌లో పెద్ద క్లబ్బుకి మేనేజరు. సంతకాలయ్యాయి. అసిస్టెంటు కూడా కుదిరాడు. ఎవడో హాలండ్ వాడట. ల్యాప్‌టాప్‌లో చూసి చెప్తాడట, ఎవడు ఎంత దూరం పరుగెత్తాడో."

"అది క్లబ్బు పెట్టిన షరతు. నేను అడిగాను నీ గురించి."

"అడిగావా?"

"అడిగాను."

"ఏమని? చెప్పు. ఏ మాటలతో అడిగావు?"

నాన్న కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"తొంభై ఎనిమిదిలో నువ్వు ఇంగ్లండ్ వెళ్తున్నావని పేపర్లో చదివి తెలుసుకున్నా," అన్నాడు అల్టన్. గొంతు పెంచలేదు. "సోమవారం ప్రాక్టీసుకి వచ్చి నీకోసం అరగంట చూశాను. కుర్రతనం, పోనీలే అనుకున్నా. పందొమ్మిదేళ్ళ తర్వాత తిరిగొచ్చి నా పక్కన నిలబడతావా అని అడిగావు. నిలబడ్డాను. ఇప్పుడు మళ్ళీ అదేనా? ఈసారి పేపర్లోనైనా వేయించలేదు."

"నీకెవరు చెప్పారు?"

సింకు దగ్గర కత్తి చప్పుడు ఆగిపోయింది.

"నేను చెప్పాను," అంది అమ్మ.

చేతులు తువ్వాలుతో తుడుచుకుని ఇటు తిరిగింది. అమ్మ మొహంలో కోపం లేదు. బడి బస్సు నడిపేటప్పుడు అద్దంలో వెనక సీట్లు చూసుకునే మొహం అది. ఎవరు లేచి నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు అని.

"మ్యాచ్ ముందురోజు పొద్దున ఫోనొచ్చింది మాలకీ. డబ్లిన్ క్లబ్బు ఆఫీసునుంచి ఎవరో అమ్మాయి. చాలా మర్యాదగా మాట్లాడింది. మిసెస్ హెగార్టీ గారా, ఇంటి తాళాలు వచ్చే నెల ఒకటో తేదీ బుధవారం తీసుకుంటారా, గురువారమా అని అడిగింది. ఏ ఇల్లమ్మా అన్నాను. ఆ పిల్ల కంగారులో కొత్త ఉద్యోగం, హాలండ్ అసిస్టెంటు సంగతి అంతా చెప్పేసింది పాపం. నేనే సర్ది చెప్పాను, ఆయన ఊళ్ళో లేరు, అడిగి చెప్తానని."

"టైము చూసి చెబుదామనుకున్నా డెర్వ్లా."

"తొమ్మిది ఇళ్ళు మారాం ఇంగ్లండ్‌లో. తొమ్మిదిసార్లూ టైము చూశావు. తొమ్మిదిసార్లూ సంతకం పెట్టొచ్చాక చెప్పావు. నూలాకి మూడో తరగతి మూడు ఊళ్ళలో. పదో ఇల్లు ఇది. ఇదే ఆఖరిదని ఎవరన్నారు? నేనా?"

"పెద్ద క్లబ్బు. నాకు యాభై రెండేళ్ళు. మళ్ళీ ఎవడు పిలుస్తాడు?"

"పిలిస్తే నన్నడుగు. అంతే. రావద్దని అనేదాన్నో కాదో నీకెలా తెలుసు? నా బస్సులో ముప్ఫై ఒక్కమంది పిల్లలున్నారు. ఇంగ్లండ్‌లో నాకు ఏమున్నాయి? నీ బూట్లు."

నాన్న మెల్లిగా అల్టన్ వైపు తిరిగాడు. తప్పు ఇటునుంచి అటు నెట్టడానికి దారి దొరికిన మనిషి తిరిగినట్టు తిరిగాడు.

"అదన్నమాట. ఆ కడుపుమంటతో ఉత్తరం దాచేశావు."

అల్టన్ ఒకసారి అమ్మ వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"అవును. దాచాను."

"అబద్ధం చెప్పకు అల్టన్," అంది అమ్మ.

గోడవైపు సొరుగు లాగింది. ఇస్త్రీ చేసిన తుండుగుడ్డలు ఎత్తి, అడుగున పరిచిన పాత పేపరు కిందనుంచి ఒక కాగితం తీసింది. బల్లమీద నాన్న ముందు పెట్టి అరచేత్తో మడత సాపు చేసింది.

లీగ్ ముద్ర. కోర్మాక్ పేరు. తేదీ. పక్కన ఖాళీలో అల్టన్ చేతిరాత. ఒకసారెప్పుడో ఎవరో గోల్‌కీపర్ గ్లౌజులు బస్సెక్కించడం మర్చిపోయి ఇచ్చానని ఒకరు, ఇవ్వలేదని ఒకరు కొట్టుకున్నప్పటి నుంచి, ఏ వస్తువు ఎవరి చేతిలో పెట్టినా రాసి సంతకం పెట్టించుకోవడం అతని అలవాటు. ఊళ్ళో అందరూ ఎగతాళి చేస్తారు. ఇక్కడా రాశాడు. *శుక్రవారం, సాయంత్రం నాలుగు. మాలకీ లేడు. డెర్వ్లాకి ఇచ్చాను.* కింద అమ్మ సంతకం.

నాన్న దాన్ని చదివాడు. మళ్ళీ చదివాడు. ఆరేళ్ళలో ఒక్క కాగితమూ చదవని మనిషి.

"నీకిచ్చాడా?"

"ఇచ్చాడు. ఆ రోజే నాలుగింటికి వచ్చాడు, పెరటి తలుపునుంచి. నువ్వు లేవు. పొద్దుటి ఫోను సంగతి అతని ముందు పెట్టాను. కనీసం అతనికైనా చెప్పావేమో, ఇద్దరూ కలిసి నా దగ్గర దాస్తున్నారేమో అని అడిగాను. అతని మొహం చూస్తే తెలిసింది, తెలీదని. టీ కప్పు సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు."

"చదివావా దీన్ని?"

"చదివాను."

"అర్థమైందా?"

"పాతికేళ్ళుగా నీ బట్టలు ఉతుకుతున్నాను మాలకీ. నిషేధం అంటే ఏంటో తెలియదనుకున్నావా?"

"అయినా ఇవ్వలేదు."

"ఇవ్వలేదు. పాయింట్లు పోతాయి, ఆ డబ్లిన్ వాళ్ళు మొహం చాటేస్తారు, మనం ఇక్కడే ఉంటాం, అంతే అనుకున్నా. నిన్ను మోసగాడంటారని అనుకోలేదు. అది నా తప్పు. ఆ ఒక్క ముక్కా నా తప్పు."

ఆ శనివారం పొద్దున అమ్మ నాన్న చొక్కా కాలరు రెండుసార్లు ఇస్త్రీ చేసింది. ఒకసారి చేసి, హ్యాంగరుకి తగిలించి, మళ్ళీ తీసి చేసింది. మ్యాచ్ రోజు కదా, కంగారు అనుకున్నాను అప్పుడు.

"మరి నువ్వు?" నాన్న అల్టన్‌ని అడిగాడు. "పేర్ల కాగితం రాసింది నువ్వు. మూడో నంబరు దగ్గర కోర్మాక్ అని నీ చేత్తో రాశావు."

"రాశాను. ఉత్తరం చదివే ఉంటావు, ఇప్పుడు మారుస్తావు, ఇప్పుడు మారుస్తావు అని చూశాను. నువ్వు సంతకం పెట్టేశావు. అప్పుడర్థమైంది డెర్వ్లా ఇవ్వలేదని," అన్నాడు అల్టన్. "ఆటకింకా గంట ఉంది. ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ గంటంతా నీ పక్కనే నిలబడ్డాను. అనలేదు. తను ఒక్కతే చేసిందని కాదు మాల్. నేనూ చేశాను."

నాన్న బల్లమీద పిడికిలి పెట్టాడు. కొట్టలేదు. పెట్టాడంతే. "నేను పైకని అరిచాను. నువ్వు వెనకే ఉండిపోయావు."

"నువ్వు అరవలేదురా," అన్నాడు అల్టన్. "ఈసారి అరవకుండానే వెళ్ళిపోయావు."

పొయ్యిలో కొవ్వు చిటపటలాడింది. ఈ వంటింట్లో ముగ్గురినీ మార్చి మార్చి చూశాను. అందరూ నన్ను పెంచినవాళ్ళే. వీళ్ళలో ఎవరి వైపు వెళ్ళి నిలబడాలో నాకు తెలియలేదు.

చివరికి అల్టనే మాట్లాడాడు. "నేనిందుకే వచ్చాను. రేపు నీతో డబ్లిన్ వస్తా. ఉత్తరం నాకందింది, చెప్పడం మర్చిపోయాను అని చెప్తా. డెర్వ్లా పేరు రాదు. నీకు తెలియదని తేలిపోతుంది."

"నిన్నేం చేస్తారు?" అన్నాను నేను.

"మీ నాన్నకి చేద్దామనుకున్నది నాకు చేస్తారు."

అంటే ఏడాది. గేటు తాళం ఇంకెవరో తీస్తారు. గీతలు ఇంకెవరో గీస్తారు. మ్యాచ్ రోజు అతను రోడ్డవతల గోడ దగ్గర నిలబడి అరుపులు వినాలి.

నాన్న వద్దంటాడని చూశాను. నిజం చెప్తున్నాను, ఆ మాట అతని నోట్లోంచి రాబోతోందనే అనుకున్నాను. తిడతాడు, బల్ల కొడతాడు, నోరు ముయ్యరా నీ త్యాగాలు నాకొద్దు అంటాడు. రేపు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్తానంటాడు. ఆ నాన్నే నాకు తెలుసు.

నాన్న గడియారం చూశాడు.

"నోటిమాటకంటే కాగితం మీద ఉంటే మంచిది," అన్నాడు. "వాళ్ళు అడ్డదిడ్డంగా ప్రశ్నలేస్తే నువ్వు తడబడతావు. నూలా, నీ రాత బాగుంటుంది. ఒక కాగితం తీసుకో."

నేను కదల్లేదు.

"తీసుకోమ్మా."

తీసుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను, ఎందుకు తీసుకున్నానా అని. నాన్న చెప్తూ పోయాడు, నేను రాస్తూ పోయాను. అల్టన్ క్విగ్లీ అనే నేను, సదరు ఉత్తరాన్ని గురువారం అందుకుని, నా అజాగ్రత్త వల్ల మేనేజరుకి తెలియజేయలేదు. దాన్ని మరెవరికీ ఇవ్వలేదు. మరెవరికీ ఇవ్వలేదు అన్నచోట నా పెన్ను ఆగింది. నాన్న ఆ మాట మళ్ళీ చెప్పాడు. రాశాను.

అల్టన్ సంతకం పెట్టాడు. అలవాటు కొద్దీ కింద తేదీ, టైము వేశాడు. మధ్యాహ్నం రెండూ ఇరవై.

"మరి ఆ తాళాలు?" అంది అమ్మ.

"ఏ తాళాలు?"

"బుధవారం తాళాలు మాలకీ. వాళ్ళకేం చెప్పాలి?"

నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. అమ్మవైపు చూడలేదు. "ముందు రేపటి గండం గడవనీ. నా పేరు కడిగేసుకుంటే వాళ్ళు వెనక్కి పోరు. మాటిచ్చారు."

"అయితే వెళ్తున్నావు."

"వెళ్తున్నాం," అన్నాడు నాన్న. తర్వాత బల్లమీది ఉత్తరాన్ని వేలితో అమ్మవైపు తోశాడు. "దాన్ని పొయ్యిలో పడెయ్. అది ఉంటే ఇతను రాసిచ్చింది అబద్ధమైపోతుంది. ముగ్గురం మునుగుతాం."

అల్టన్ కళ్ళు మూసుకున్నాడు.

అమ్మ ఉత్తరం తీసుకుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళి గుడ్డతో నిప్పుల గూటి ఇనప తలుపు పట్టి తెరిచింది. వెలుగు ఆమె గడ్డం మీద, చేతుల మీద పడింది. కాగితం అంచు వేడికి వంకర తిరగడం నేను చూశాను. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. తర్వాత పొయ్యి తలుపు మూసేసింది. గొళ్ళెం పెట్టింది.

ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఏప్రన్ ముడి విప్పి కుర్చీకి వేసింది. మేకుకున్న కోటు తీసి తొడుక్కుని, ఉత్తరం లోపలి జేబులో పెట్టి గుండీ పెట్టుకుంది. కిటికీ అంచునున్న కారు తాళాలు అందుకుంది. తొక్క తీసిన దుంపలు సింకులో నీళ్ళలో అలాగే ఉన్నాయి.

"డెర్వ్లా," అన్నాడు నాన్న.

ఆమె నా పక్కనుంచి వెళ్ళింది. ఒక్క క్షణం నా భుజం మీద చెయ్యి వేసింది. తలుపు మూసుకుంది. కారు స్టార్టయిన చప్పుడు.

"చెల్లెలి ఇంటికి వెళ్తుంది," అన్నాడు నాన్న అల్టన్‌తో, నాతో, తనతో. "ఓ గంట ఏడ్చి వచ్చేస్తుంది."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. వాన మొదలైంది. కారు వీధి చివర కూడలి దాకా వెళ్ళి ఆగింది. పిన్ని ఇంటికి ఎడమవైపు వెళ్ళాలి. వేరే బండేదీ రావడం లేదు, అయినా కారు కదల్లేదు.

తర్వాత కుడివైపు తిరిగి, డబ్లిన్ రోడ్డెక్కింది.